తలుపు తెరువు అని టైపు చేయించిన రోజులు

కుప్పంలో నా దగ్గర చదువుకున్న సల్మా ఈ మధ్య వెంకటగిరికోటలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరింది. చేరిన వారంలోనే ఫోన్ చేసింది.

"మేడం, మీరు ఇన్నేండ్లూ పిల్లోళ్లకి ఏం చెప్పినారో రాసియ్యండి. సిలబస్సు పుస్తకం నా దగ్గర ఉండాది. నేను అడిగేది అది కాదు" అంది.

సిలబస్సు అడగనందుకే ఆ పిల్ల మీద నాకు నమ్మకం కుదిరింది. మదనపల్లెలో మొదలుపెట్టి, పుంగనూరులో నలిగి, కుప్పంలో రిటైరైన కంప్యూటర్ టీచరమ్మను నేను. ఒకప్పుడు చెమటోడ్చి నేర్పిన సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు కాగడా పెట్టి వెతికినా దొరకవు. నా చేతిలో మిగిలినవి ఆటలు. అవును, ఆటలే. తుపాకీ పట్టుకుని పరుగెత్తేవి కావు. ఒక గది, అందులో నాలుగు వస్తువులు, మూసి ఉన్న ఒక తలుపు. కూర్చుని ఆలోచించి ఒక్కో అడుగూ ముందుకు పోవాలి. మొదట్లో వాటికి బొమ్మలు కూడా ఉండేవి కావు, మాటలు టైపు చేయాలి. తర్వాత బొమ్మలు వచ్చాయి, మౌసుతో నొక్కడం వచ్చింది.

రాద్దామని కూర్చున్న రోజుల్లోనే పుంగనూరు నుంచి కబురొచ్చింది. నా పాత హెడ్‌మాస్టరు చెంగప్ప సారుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని. చూడడానికి వెళ్లాను. ఆయన మాట్లాడే ప్రయత్నమే మానేసి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆ మనిషి మళ్లీ ప్రయత్నిస్తాడా లేదా అన్నదే ఆ ఇంట్లో అందరి గుబులు. అందుకే ఇది సల్మా కోసం మొదలుపెట్టినా సారు మంచం దగ్గరికి వెళ్లి ఆగుతుంది.

కంప్యూటరుకు మర్యాద

మదనపల్లెలో మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. క్వార్టర్సు పక్క స్కూల్లోనే నాకు ఉద్యోగం దొరికింది. ఎవరో వాడి వదిలేసిన మెషీన్లు కొన్ని మా స్కూలుకు వచ్చాయి. ఊరు విడిచి వెళ్తూ ఒక డాక్టరు గారు నాకు ఒక ఫ్లాపీ ఇచ్చి, "ఇందులో ఒక ఆట ఉంది, పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది" అన్నారు.

నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. సముద్రం ఒడ్డున ఒక దీపస్తంభం, మూసి ఉన్న తలుపు, గడప దగ్గర ఒక గొడుగు. అంతా ఇంగ్లీషులో రాసి ఉండేది. మనం చేయాలనుకున్నది రెండు మాటల్లో టైపు చేయాలి. ఏం చేయాలి, దేన్ని. అంతే.

మా పిల్లలు ఏం టైపు చేశారో తెలుసా? "ప్లీజ్ సార్ ఓపెన్ ద డోర్ సార్." మేరీ అనే పిల్లయితే సెలవు చీటీ రాసే అలవాటు కొద్దీ "రెస్పెక్టెడ్ సార్" అని మొదలుపెట్టింది. మొదటి మాటలో పని కోసం వెతికే ఆ ఆటకు గౌరవం ఒక పని కాదు. "నాకు అర్థం కాలేదు" అంది ఆట. మేరీ ఇంకొంచెం మర్యాద కలిపింది. మళ్లీ అదే జవాబు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మిస్, ఆయప్పకి నా మీద కోపమొచ్చినట్లుండాది."

"దానికి కోపం రాదమ్మా. ఊరికే తెరువు అను, చాలు."

"అంత పెద్ద మెషీన్ని తెరువు అంటే బాగుంటాదా మిస్?"

నేను నవ్వాను గానీ ఆ రాత్రి నిద్రపోయే ముందు ఆ మాటే గుర్తుకొచ్చింది. మా పిల్లలు ఇంగ్లీషుకు భయపడుతున్నారని అందరూ అనేవాళ్లు. వాళ్ల భయం ఇంగ్లీషుకు కాదు, ఎదుటివాళ్లకు కోపం తెప్పిస్తామేమోనని. సల్మా, నీ క్లాసులో మొదటి వారం కీబోర్డు నేర్పకపోయినా ఫర్వాలేదు. ఎన్ని తప్పులు చేసినా ఈ మెషీను మొహం మాడ్చుకోదని ముందు నమ్మించు. మనుషుల్లో అలాంటివాళ్లు వాళ్లకు పెద్దగా తగిలి ఉండరు.

కరెంటు పోయినప్పుడు

ఆ రోజుల్లో కంప్యూటర్ పీరియడ్ మొదలైందంటే కరెంటుకు ఎలా తెలిసేదో, ఠక్కున పోయేది. పిల్లలు ఊరికే కూర్చుంటారా? అందుకని ఒకరిని మెషీనుగా నిలబెట్టేదాన్ని. మెషీను కళ్లు మూసుకోవాలి. తనకు తెలిసిన మాటలకే జవాబు చెప్పాలి, సొంత తెలివి చూపించకూడదు. మిగతావాళ్లు అడగాలి. ఆట తెలుగులోనే, ఊరు మాదే. బస్టాండు, టమాటా మార్కెట్టు, ఆసుపత్రి గేటు. పలమనేరు బస్సు ఎక్కాలంటే ముందు కండక్టరు మనసు కరిగించాలి.

మెషీనుగా నిలబడడంలో నాగవేణిని మించినవాళ్లు లేరు. మిగతా పిల్లలు "తెల్దు పో" అని ఊరుకునేవాళ్లు. నాగవేణి అలా అనేది కాదు.

"గేటు అంటే తెలుసు. దూకు అంటే తెల్దు. గేటుని ఏం చెయ్యాలో ఇంకో తీరుగా చెప్పు."

నేను చూసిన మంచి ఆటలన్నీ నాగవేణిలాగే మాట్లాడతాయి. చెత్త ఆటలు అర్థం కాలేదని చెప్పి తలుపేసుకుంటాయి. టీచర్లలోనూ ఈ రెండు రకాలే ఉన్నారు. పిల్లవాడు చెప్పిందాంట్లో నీకు అర్థమైన ముక్క ఏదో ముందు చెప్పు. అర్థం కానిది తర్వాత అడగొచ్చు. నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న బోధన ఇంతకంటే ఎక్కువ లేదు. ట్రైనింగు క్లాసుల్లో మాత్రం ఇది ఎవరూ చెప్పలేదు.

చెంగప్ప సారు

పుంగనూరు స్కూలుకు మారేసరికి తెరల మీద రంగులొచ్చాయి. పైన బొమ్మ, కింద ఇంగ్లీషులో పనుల పేర్లు. తెరువు, మూయి, తీసుకో, ఇవ్వు. ముందు పని మీద నొక్కి తర్వాత వస్తువు మీద నొక్కితే చాలు.

హెడ్‌మాస్టరు చెంగప్ప సారు రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడేవారు. మొదటి గంట కొట్టాక ఎవరొచ్చినా ఒకే కేక, "లేటు!" పిల్లలకైనా, పంతుళ్లకైనా, నాకైనా అదే. ఒకరోజు ల్యాబులోకి వచ్చి చూసి అక్కడికక్కడే ఆటలు ఆపించారు.

"ఎస్తేరమ్మా, వీళ్ల అమ్మానాయనలు వేరుశనక్కాయలు కొట్టేదానికి పోయి చదివిస్తాండారు. మా నాయన కూడా అదే పనికి పోయి నన్ను చదివించినాడు. ఆటలాడేదానికా బిడ్డల్ని పంపిస్తాండేది?"

చాలా రోజులు ఆయన మీద మండిపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చెప్పిందాంట్లో సగం నిజం. ఆ పిల్లలకు త్వరగా ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి టైపింగు కావాలి. మిగతా సగం ఆయనకు మాటల్లో చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. అందుకని ఒక సాయంత్రం బతిమాలి ఆయన్నే మెషీను ముందు కూర్చోబెట్టాను.

తెర మీద కోట గుమ్మం, దాని దగ్గర ఒక కాపలావాడు. లోపలికి వదలడు. సారు చొక్కా సర్దుకుని పరీక్ష రాసేవాడిలా కూర్చున్నారు.

"దీనికి కరెక్టు ఆన్సరు ఏది?"

"ఒకటి ఉంటుంది సార్. తప్పు ఆన్సర్లే బాగుంటాయి, చూడండి."

"తప్పుల్లో బాగుండేది ఏముంటాదమ్మా?" అంటూ ఆటలో తనకు దొరికిన ఎండుచేపను కాపలావాడికి ఇచ్చారు. మా ఆవిడ ఇప్పటికే నాకు వారమంతా ఇదే వండుతోంది అన్నాడు వాడు. నేను తెలుగులో చెప్పాను. సారు మీసాల కింద నవ్వు కనబడనీయలేదు. ఈసారి చేపతో వాడిని తోయబోయారు. దానికీ ఒక జవాబు వచ్చింది. బడి వదిలే గంట కొట్టినా ఆయన లేవలేదు.

మర్నాడు పిలిచి, టైపింగు పూర్తయితే శనివారం ఆఖరి పీరియడ్‌లో ఆడించుకోమన్నారు. అంతే తప్ప ఆట బాగుందని మాత్రం అనలేదు. అడ్డం తిరిగే పైఅధికారి దొరికితే దిగులు పడకు సల్మా. వాళ్లకు పిల్లల గురించి ఏదో బెంగ ఉంటుంది, దానికి జవాబు వెతకడంలో మన పని బాగుపడుతుంది. అన్నిటికీ సరే అనేవాళ్లతోనే చిక్కు. తర్వాత కుప్పంలో నాకు అలాంటి హెడ్‌మాస్టరే దొరికారు. ఎంత మంచి మనిషో! ఏమడిగినా సంతోషంగా ఒప్పుకునేవారు. మెషీన్లకు మాత్రం పూలదండ వేసి, గుడ్డ కప్పి, ల్యాబు తాళం జేబులో పెట్టుకుని ఊళ్లు తిరిగేవారు.

బావిలో నీళ్లు

ఆ తాళం కాస్తా మా చేతికి వచ్చాక కుప్పం పిల్లలు సొంతంగా ఒక ఆట తయారుచేశారు. సల్మా వాళ్ల బ్యాచే. ఒక బావి, బొక్కెన, తాడు. నీళ్లు తెచ్చి ఎండిపోతున్న మామిడి మొక్కకు పోయాలి. తోడు అని టైపు చేస్తేనే నీళ్లు వచ్చేలా రాశారు.

పక్క క్లాసు వాళ్లను ఆడమంటే ఒక్క చుక్క రాలేదు. ఒకడు చేదు అన్నాడు, ఒకడు లాగు అన్నాడు, ఇంట్లో తమిళం మాట్లాడే పిల్ల ఒక మాట, కన్నడం మాట్లాడే పిల్లవాడు ఇంకో మాట. మా వాళ్లకు రోషం వచ్చింది.

"తోడు అనే మాట కూడా తెల్దా వీళ్లకి? నేర్పిద్దాం మేడం" అంది సల్మానే.

"నీళ్లు కావాలని వాళ్లందరూ అడిగారా లేదా?"

"అడిగినారు."

"మరి మాటలు ఎవరికి నేర్పాలి?"

కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత కూర్చుని వాళ్లన్న మాటలన్నీ ఆటకే నేర్పింది. ఆడేవాళ్లకు కాదు. ఏ భాషలో అడిగినా బావిలో బొక్కెన దిగింది. ఆ రోజు సల్మా టీచరు అవుతుందని అనుకున్నాను. అయింది.

కిటికీ

ఇక సారు దగ్గరికి వస్తాను.

ఆయన ఇల్లు పుంగనూరులో స్కూలు గేటుకు ఎదురుగానే. కూతురు విజయది పలమనేరులో పాలకేంద్రంలో ఉద్యోగం. తండ్రి కోసం సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. కుడి చేయి, కుడి కాలు పని చేయడం లేదు. వినేదంతా ఆయనకు అర్థమవుతుంది, చెప్పాలంటే మాట దొరకదు. నోటికి వచ్చేది ఒక్కటే, "అదే".

"మొదట్లో పొద్దన్నే లేస్తానే అదే, అదే అని ఒకటే అడిగేటోడు మేడం" అంది విజయ. "నీళ్లా నాయనా అంటాము, కాఫీనా అంటాము, పక్కకి తిప్పల్లా అంటాము. ఏదీ కాదు. మంచం మీద కొట్టి కొట్టి అలిసిపోయినాడు. ఇప్పుడు అడిగేదే మానేసినాడు. మాట నేర్పించే డాక్టరమ్మేమో దినామూ ప్రయత్నం చెయ్యాల, మానేస్తే కష్టం అంటుండాది. ఎందుకు మానేసినాడో, ఏం కావాలో ఏమీ తెల్దు."

ఎప్పుడూ గొంతు తగ్గించని మనిషి గోడకేసి చూస్తూ పడుకుని ఉన్నారు. నాతో తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో ఆ కోట ఆట తెరిచి పక్కన పెట్టాను. కాపలావాడి మొహం చూడగానే సారు తల తిప్పారు. ఎడమ చేత్తో మౌసు పట్టుకున్నారు. కానీ కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు ఇప్పుడు ఆయనకు అంతుబట్టలేదు. కళ్లు చిట్లించి చూసి చూసి మౌసును తోసేశారు.

బయటికి వచ్చి సల్మాకు ఫోన్ చేశాను. "ఆటకే మాటలు నేర్పాల, అంతే కదా మేడం?" అంది.

ఆదివారం బస్సు దిగి వచ్చింది. సారు ఇంటి ఫొటోలు తీసింది. ముందు గది, వంటిల్లు, పెరట్లో ఆవు. వాటినే ఆటలో గదులుగా పెట్టి కింద పెద్ద తెలుగు అక్షరాల్లో పనులు రాసింది, పక్కన చిన్న బొమ్మలు. తప్పు జవాబులకు ఏమనాలో విజయనే చెప్పమని ఆమె గొంతే రికార్డు చేసింది. రాత్రికి మేమిద్దరం అక్కడే ఉండిపోయాం. సోమవారానికి సల్మా తన స్కూల్లో సెలవు పెట్టింది.

పొద్దున సారుకు దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టాం. ఆయన తీసుకో నొక్కి వాకిలి తలుపు మీద నొక్కారు.

"వాకిలి తీసుకోని యాడికి పోతావు నాయనా? దొంగలకి సులువైపోతాది" అంది కంప్యూటర్లో విజయ.

సారు ఉలిక్కిపడ్డారు. ఆవు మీద మూయి నొక్కారు. "ఆవుకి తలుపుల్లేవు నాయనా!" నోరు ఒక పక్కకే కదిలింది గానీ అది నవ్వే. విజయ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆ ఇంట్లో ఆయన ఏం చేయబోయినా తప్పయిపోతున్న రోజులవి. ఇక్కడ ప్రతి తప్పుకూ ఒక మాట పలుకుతోంది. ఆయన ఇంకోటి నొక్కారు, ఇంకోటి నొక్కారు.

ఎదురుగా స్కూల్లో మొదటి గంట కొట్టారు. మూసిన కిటికీ వెనక నుంచి సన్నగా వినిపించింది. సారు ముందు గది బొమ్మ తెరిచి, తెరువు నొక్కి, కిటికీ మీద నొక్కారు.

"కిటికీ తెరిస్తే గాలి తగుల్తాది నాయనా. వద్దు."

పక్షవాతం వచ్చినవాళ్లకు గాలి తగలకూడదని మా వైపు అందరూ అంటారు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే ఆ కిటికీ బిగించి సందుల్లో గుడ్డలు కుక్కారు. డాక్టరును ఎవరూ అడగలేదు. నర్సు కూతుర్ని, నాకూ అడగాలని తోచలేదు.

సారు మళ్లీ తెరువు, కిటికీ నొక్కారు. మళ్లీ అదే జవాబు. సరదాకు నొక్కుతున్నారు అనుకున్నాం. ఈసారి ఆయన మొహంలో నవ్వు లేదు. మౌసు బాణం గది బొమ్మంతా మెల్లగా తిరిగింది. గోడకు కొక్కెం, కొక్కేనికి చలికాలంలో పెట్టుకునే మంకీ టోపీ. తీసుకో, టోపీ. పెట్టుకో, టోపీ.

"అది ఈడ పనికి రాదు నాయనా" అంది ఆట. సల్మా టోపీకి విడిగా ఏ జవాబూ రాయలేదు, అలాంటప్పుడు ఆట అనే మాట ఇది.

ఆయన లెక్కచేయలేదు. తెరువు, కిటికీ. గాలి తగుల్తాదని ఆట మొండికేసింది. సారు మౌసు వదిలేశారు. ఎడమ చేయి ఎత్తి గోడకున్న నిజం టోపీని చూపించారు. తర్వాత తన తలను. తర్వాత కిటికీని.

"అదే" అన్నారు. అన్ని రోజుల తర్వాత. "అదే!"

విజయ నిలబడిపోయింది. "నాయనా, ఇన్ని దినాలూ కిటికీ తెరవమనేనా నువ్వు అడిగింది?"

"అదే."

గాలి తగులుతుందంటే టోపీ పెట్టండి, కిటికీ తీయండి! ఎంత సులువైన సంగతి! కరెక్టు ఆన్సరు ఏదని నన్నడిగిన మనిషి మేం రాయని ఆన్సరు తనే తయారుచేశాడు. విజయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

"మేడం, ఈ ఆన్సరు మనం పెట్టలేదే" అంది సల్మా.

"అయితే పెట్టు" అన్నాను.

ఇప్పుడు ఆ ఆటలో టోపీ పెట్టుకుంటే కిటికీ తెరుచుకుంటుంది. సారు నోట్లో గుప్పెడు మాటలున్నాయి, వారానికి ఒకటో రెండో వచ్చి చేరుతున్నాయి. కాఫీ వచ్చింది, కూతురిని పిలిచే విజ్జీ వచ్చింది. డాక్టరమ్మ కిటికీ సంగతి విని, తెరవండి తల్లీ, ఎవరు మూయమన్నారు అంది. ఇవన్నీ తర్వాత. ఆ పొద్దున వచ్చిన మొదటి మాట సంగతి చెప్పి ఆపుతాను.

విజయ ఆయనకు టోపీ తొడిగి కిటికీ రెక్కలు బార్లా తీసింది. ఎండ, పిల్లల గోల, ప్రేయరు పాట ఒక్కసారిగా గదిలోకి వచ్చాయి. గేటు ఎదురుగా కనిపిస్తోంది. పిల్లలందరూ లోపలికి వెళ్లిపోయారు. అప్పుడే ఒక కొత్త టీచరమ్మ స్కూటీ మీద క్యారియరు ఊగిపోతుండగా వేగంగా వచ్చింది. సారు మెడ నిటారుగా లేచింది.

"లేటు!"

స్పష్టంగా, గట్టిగా, గేటు దాకా వినబడేలా. స్కూటీ కీచుమని ఆగింది. ఆ అమ్మాయి తల తిప్పి చూస్తే కిటికీలో మంకీ టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన. ఎవరో ఆమెకు తెలియదు.

"సారీ సార్" అంది.

సారు తల ఊపి ఆమెను లోపలికి పంపించారు. తర్వాత మెల్లగా మా వైపు తిరిగారు. వెంకటగిరికోటలో క్లాసులో ఉండాల్సిన సల్మాను ఎగాదిగా చూశారు.

"లేటు" అన్నారు.

సల్మా చేతులు కట్టుకుని నిలబడింది. "లీవు పెట్టినాను సార్."